చాందీపురా జ్వరానికి టీకా ఏది?

కొండపల్లి నుంచి ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాసినారు. పొణికి కొయ్యతో బొమ్మలు చెక్కడం తమ వృత్తి అనీ, పని చేసుకుంటూ రేడియో వినడం తండ్రినాటి నుంచి వచ్చిన అలవాటనీ మొదట చెప్పి, ఆ వెనుక ఒక ప్రశ్న వేసినారు. 2024లో గుజరాతు పిల్లలకు చాందీపురా అనే జ్వరం సోకి అనేకులు మరణించిన వార్త ఆయన విన్నారట. ఆ జ్వరమే 2003లో మన రాష్ట్రంలోనూ పిల్లలను పొట్టన పెట్టుకున్నదని ఎవరో చెప్పగా తెలిసినదట. "కరోనాకు ఒక్క ఏడాదిలో హైదరాబాదులోనే టీకా తీసినారు గదా, దీనికి ఇరవై ఏళ్ళు దాటినా తీయలేదేమి? పేదల పిల్లలనా?" అని అడిగినారు. ఇంటిలో మూడేళ్ళ మనుమరాలు ఉన్నదని చివర ఒక మాట చేర్చినారు.

ఈ ప్రశ్నకు రెండు మాటలలో జవాబు చెప్పి తప్పించుకోవడానికి మాకు మనసొప్పలేదు. ఆయన అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. అయితే పూర్తి నిజం అది కాదు. అసలు కారణం తెలియవలెనంటే టీకా ఎట్లా పుడుతుందో, అది పని చేసినదని శాస్త్రజ్ఞులు ఎట్లా రుజువు చేస్తారో కొంచెం ఓపికతో చూడవలసి ఉన్నది.

ముందుగా రోగం సంగతి. చాందీపురా అన్నది మహారాష్ట్రలో నాగపూరు సమీపాన ఒక గ్రామం. 1965లో అక్కడ జ్వరాలు ప్రబలినప్పుడు పూణెలోని వైరస్ పరిశోధనాలయం వారు ఇద్దరు రోగుల రక్తం నుంచి, అంతకు ముందు ఎవరూ ఎరుగని ఒక వైరసును వేరుచేసినారు. దొరికిన ఊరి పేరే దానికి పెట్టినారు. ఆ ఊరివారికి ఇది ఏమంత సంతోషకరమైన కీర్తి కాదు గాని, అప్పటి ఆచారం అది. పిచ్చికుక్క కాటువల్ల సంక్రమించే రేబిస్ వైరసుకు ఇది దూరపు చుట్టం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో తుపాకిగుండు ఆకారంలో కనిపిస్తుంది. దీనిని ముఖ్యంగా మోసుకొని తిరిగేది ఇసుక ఈగ. అది దోమకంటె చాలా చిన్నది. మట్టిగోడల పగుళ్ళలోను, పశువుల కొట్టాల చీకటి మూలలలోను దాగి ఉండి, పొద్దు గూకిన తరువాత కుడుతుంది. సుమారు నలభై ఏళ్ళపాటు ఈ వైరసు వలన పెద్ద ప్రమాదం ఉన్నదని లోకానికి తోచలేదు. పరిశోధనాలయం పుస్తకాలలో ఒక పేరుగా మాత్రం అది మిగిలిపోయినది.

2003వ సంవత్సరం జూన్ మాసంలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగరం, వరంగల్లు జిల్లాలలో, పిల్లలకు హఠాత్తుగా జ్వరాలు రాసాగినవి. ఉదయం ఆడుకుంటూ ఉన్న బిడ్డకు మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయేది; వాంతులు, ఆ వెంటనే ఫిట్స్, తరువాత స్పృహ తప్పడం. మొదట అందరి అనుమానమూ జపనీస్ మెదడువాపు జ్వరం మీదికి పోయినది. పూణెకు పంపిన నమూనాలలో బయటపడినది చాందీపురా వైరసు. ఆగస్టు ముగిసేనాటికి లెక్క తేలినది: 329 మంది పిల్లలు జబ్బు పడగా, వారిలో 183 మంది మరణించినారు. అనగా నూటికి యాభైఅయిదుగురు. చాలామంది ఆసుపత్రిలో చేరిన 48 గంటలలోనే పోయినారు. ఇది నిజంగా మెదడువాపేనా, మెదడు రక్తనాళాలకు కలిగిన మరొక ఉపద్రవమా అని వైద్యులలో అప్పుడు వాదోపవాదాలు కూడ జరిగినవి. తల్లిదండ్రులకు ఆ వాదంతో పనిలేదు గాని, టీకా తయారుచేయ పూనుకునేవారికి ఉన్నది. శత్రువు ఎవరో ఖాయంగా తెలియనిదే కవచం ఎవరి కొలతకు చేయగలం?

పైన చెప్పిన 48 గంటల మాట శ్రోతలు జ్ఞాపకం ఉంచుకోవలెను. ఈ రోగంలో చిక్కంతా కాలంతోనే ఉన్నది.

కొత్త వైరసు ఒకటి శరీరంలో ప్రవేశించినప్పుడు ఏమి జరుగుతుంది? మొదట అది చొరబడిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేసి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తవి. రక్షకకణాలు కొన్ని వచ్చి, దొరికిన దానిని దొరికినట్లు మింగివేస్తవి. ఇది ఊరివారందరూ కర్రలు పట్టుకొని లేచినట్టి రక్షణ. వచ్చినవాడు ఎవరని విచారించదు. ఇంతలో మరికొన్ని కణాలు వైరసు తునకలను పట్టుకొని శోషరస గ్రంథులకు చేరవేస్తవి. జ్వరం వచ్చినప్పుడో పుండు పడినప్పుడో చంకలోను గజ్జలలోను బిళ్ళ కట్టినదని మనం చెప్పుకుంటామే, ఆ బిళ్ళలే ఈ గ్రంథులు. అక్కడ లక్షోపలక్షల తెల్లకణాలు ఉంటవి. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే గుర్తించగలదు. తనకు సరిపడిన తునక ఎదురైన కణం వృద్ధి చెంది, ఒకటి రెండై, రెండు నాలుగై, సేనగా తయారవుతుంది. వాటిలో ఒక తెగ ప్రతిరక్షకాలను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ప్రతిరక్షకం వైరసు ముఖానికి అంటుకొని, అది మరొక కణంలోకి దూరకుండ అడ్డుపడుతుంది. మరొక తెగ, వైరసు అప్పటికే దూరి ఉన్న కణాలను వెతికి చంపుతుంది.

వ్యవస్థ గొప్పదే. కాని ఈ సేన కూడడానికి సుమారు వారం పది దినాలు పడుతుంది. చాందీపురా వైరసు రెండు దినాలే గడువిస్తుంది. శరీరానికి పోరాడే శక్తి లేక కాదు, ఆయుధం చేతికి వచ్చేలోపల యుద్ధం ముగిసిపోవడం వలన బిడ్డ చనిపోతున్నది. అందుచేత ఈ సేనను ముందుగానే కూర్చి ఉంచడం తప్ప మార్గాంతరం లేదు. ఒకసారి పోరాడిన తెల్లకణాలలో కొన్ని చావక, ఆ శత్రువు రూపును జ్ఞాపకంలో పెట్టుకొని ఏళ్ళతరబడి ఎముకల మూలుగలోను గ్రంథులలోను కాచుకొని ఉంటవి. ఈ జ్ఞాపకాన్ని రోగం లేకుండ కలిగించేది టీకా.

మాకు ఉత్తరం వ్రాసిన పెద్దమనిషికి ఈ విషయం ఆయన పనితోనే చెప్పవచ్చును. కొండపల్లి అంబారీ ఏనుగును చూసి పెరిగిన బిడ్డ, అసలు ఏనుగును ఎన్నడూ చూడకపోయినా, అది ఎదురుపడిన క్షణంలో గుర్తిస్తుంది. కొయ్యఏనుగు తొక్కదు, తొండంతో కొట్టదు. రూపం మాత్రం ఏనుగుదే. చంపిన వైరసుతో చేసే టీకా అటువంటిది. ఇక కొన్ని టీకాలలో వైరసు మొత్తం ఉండదు. దాని ఉపరితలం మీది ఒక మాంసకృత్తు తునక మాత్రం ఉంటుంది. తొండం ఒక్కటే చెక్కి చూపినట్లన్నమాట. హైదరాబాదులోని బయోలాజికల్ ఇ. సంస్థ తయారుచేసిన కోర్బెవాక్స్ ఈ తరహాది. కరోనా వైరసు ముల్లులోని ఒక భాగాన్ని ఈస్ట్ కణాలలో పెంచి దానిని చేసినారు. 2021 డిసెంబరులో దానికి అనుమతి వచ్చినది.

చంపిన వైరసు టీకాకు దగ్గర ఉదాహరణ కోవాగ్జిన్. 2020లో పూణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (1965లో చాందీపురాను పట్టిన పరిశోధనాలయమే తరువాత ఈ పేరు పొందినది) కరోనా రోగి నుంచి వైరసును వేరుచేసి, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థకు అప్పగించినది. వైరసు రాతి మీద పెరగదు, పాలలో పెరగదు. బ్రతికిన కణం కావలెను. అందుకు వీరో కణాలను వాడినారు. ఇవి 1962లో జపానులో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి. ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వర్ధిల్లుతున్నవి. వాటిలో వైరసును పెంచి, బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనంతో చంపుతారు. ఆ రసాయనం వైరసు జన్యుపదార్థాన్ని పాడుచేస్తుంది గాని పై రూపాన్ని చాలవరకు చెడనివ్వదు. అయితే చచ్చిన వైరసును చూసి శరీరం అంతగా కలవరపడదు. కనుక అల్యూమినియం సమ్మేళనాన్ని, రక్షకకణాలను తట్టిలేపే మరొక పదార్థాన్ని జోడిస్తారు. ఊరిలో దండోరా వేసి జనాన్ని పోగుచేయడం వంటిదే ఇది.

తరువాత ఎలుకజాతి జంతువులైన హామ్‌స్టర్ల మీద, కోతుల మీద పరీక్షలు. 2020 జూలైలో 375 మంది మనుష్యుల మీద తొలి పరీక్ష. నవంబరు నుంచి దాదాపు 25,800 మంది మీద పెద్ద పరీక్ష. ఇంతలో ఆ ఏడాది డిసెంబరు 28, 29 తేదీలలో, దేశంలో టీకా పంపిణీకి ముందు రిహార్సలు జరపడానికి నాలుగు రాష్ట్రాలను ఎన్నుకోగా, మన రాష్ట్రంలో అందుకు ఎంపికైనది కృష్ణా జిల్లాయే. కొండపల్లి అప్పటికి ఆ జిల్లాలోనిదే, ఎన్.టి.ఆర్. జిల్లాలోకి పోయినది 2022లో. మందు లేని సూది, పేరు నమోదు, అరగంట విశ్రాంతి, అన్నీ నిజం పద్ధతిలోనే జరిగినవి. 2021 జనవరి 3న కోవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి వచ్చినది; 16న దేశమంతటా టీకాలు ప్రారంభమైనవి.

పెద్ద పరీక్ష ఫలితం అప్పటికి ఇంకా తేలలేదు. తేలకుండానే అనుమతి ఇవ్వడం తొందరపాటని పలువురు శాస్త్రజ్ఞులు ఆక్షేపించినారు. మా దృష్టిలో ఆ ఆక్షేపణ న్యాయమైనదే. టీకా మీద ప్రజలకు ఉండవలసిన నమ్మకం, రుజువు ముందు వచ్చి అనుమతి వెనుక రావడం మీద ఆధారపడి ఉన్నది. ఆ తరువాత ఫలితం మంచిగానే వచ్చిన మాట నిజం. అది ఎట్లా వచ్చినదో చూడండి. సగం మందికి టీకా, సగం మందికి వట్టి ద్రవం ఇచ్చినారు. ఎవరికి ఏది ఇచ్చినదీ ఇచ్చినవారికి గాని పుచ్చుకున్నవారికి గాని తెలియదు. కొన్ని మాసాలు గడచిన మీదట వారిలో 130 మందికి కరోనా జబ్బు కనిపించినది. చీటీలు విప్పి చూడగా, 106 మంది వట్టి ద్రవం పుచ్చుకున్నవారు, 24 మంది టీకా పుచ్చుకున్నవారు. ఈ రెండు సంఖ్యల తారతమ్యం నుంచే 77.8 శాతం రక్షణ అన్న మాట వచ్చినది.

కొండపల్లి శ్రోత ప్రశ్నకు సమాధానం ఈ లెక్కలోనే దాగి ఉన్నది. పరీక్ష ముగియవలెనంటే ఎవరికో ఒకరికి జబ్బు రావలెను. కరోనా ఊరూరా ఉన్నది గనుక 130 మంది త్వరలోనే తేలినారు. చాందీపురా అటువంటిది కాదు. మహాఘోరమైన 2003లో సయితం, ఏడున్నర కోట్లకు మించిన జనాభాగల రాష్ట్రంలో లెక్కకు వచ్చినవారు 329 మంది. ఆ పిల్లలలో 25,800 మందిని ఎక్కడెక్కడి నుంచో ఏరి పరీక్షకు చేర్చి ఉంటే, సరాసరిని వారిలో ఒక్కరికి కూడ జబ్బు వచ్చి ఉండేది కాదు. రోగం తగిలిన జిల్లాలకే పరిమితమైనా నలుగురో అయిదుగురో కంటె తేలరు. పైగా అది ఏ ఏడు ఏ జిల్లాలో లేస్తుందో చెప్పగలవారు లేరు. 2004లో గుజరాతులో లేచినది, 2007లో నాగపూరు ప్రాంతంలో లేచినది. వచ్చిన చోట రెండు మూడు మాసాలుండి, వానలు ముదిరేసరికి మాయమవుతుంది. పరీక్షకు అనుమతి కాగితాలు వచ్చేలోపల రోగమే ఉండదు.

శాస్త్రజ్ఞులు ఊరక కూర్చున్నారని మాత్రం అనరాదు. పూణెవారు ఈ వైరసును వీరో కణాలలో పెంచి, చంపి, టీకాను సిద్ధం చేసి, ఎలుకలలో పరీక్షించి, 2011లో ఫలితాన్ని ప్రకటించినారు. ఎలుకలలో ప్రతిరక్షకాలు చక్కగా పుట్టినవి. కథ అక్కడ నిలిచిపోయినది. ఈనాటికీ చాందీపురాకు అనుమతి పొందిన టీకా లేదు.

అయితే వేలమందిలో జబ్బు వచ్చేవరకు కాచుకోకుండ టీకా పని చేస్తుందని తెలుసుకునే మార్గం లేదా? ఉన్నది. దానికి దృష్టాంతం మన డెల్టా పొలాల రోగంలోనే దొరుకుతుంది. జపనీస్ మెదడువాపును మోసే క్యూలెక్స్ దోమలు వరిమడుల నీళ్ళలో పుడతవి. కొంగలలోను పందులలోను వైరసు పెరుగుతుంది. మనిషికి అది దారి తప్పి వచ్చేది. మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించినది 1955లో వెల్లూరులో. వరిమడిలో నీరు నిలపకుండ డెల్టా రైతు బ్రతకలేడు. కృష్ణకు ఆనకట్ట కట్టిన 1855 నుంచి మన అన్నం ఆ నీటిలోనే ఉన్నది. కనుక దోమను పూర్తిగా నిర్మూలించడం అయ్యే పని కాదు; బిడ్డనే కాపాడుకోవలెను. ఈ వైరసు సోకినవారిలో సుమారు 250 మందిలో ఒకరికి మాత్రమే తీవ్రమైన జబ్బు వస్తుంది. అయితే ఆ ఒక్కరికి మరణభయం ఎక్కువ. బ్రతికి బయటపడినవారిలోను నూటికి ఇరవై ముప్పైమందికి మాట పడిపోవడం, కాళ్ళు చేతులు స్వాధీనం తప్పడం వంటి అవకరాలు శాశ్వతంగా మిగులుతవి.

ఇక్కడ శాస్త్రజ్ఞులకు ఒక కొలబద్ద దొరికినది. గాజు పళ్ళెంలో కణాలను పలుచని పొరగా పెంచుతారు. దాని మీద వైరసును వేస్తే, బట్టకు చిమ్మెటలు కొట్టినట్లు చిల్లులు పడతవి. వైరసుకు ముందుగా టీకా పుచ్చుకున్నవాని రక్తరసి కలిపి వేస్తే, ప్రతిరక్షకాలు ఉన్న మేరకు చిల్లులు తగ్గుతవి. రక్తరసిని పదిరెట్లు పలుచన చేసినా చిల్లులు సగానికి తగ్గించగలిగితే, ఆ మనిషికి జపనీస్ మెదడువాపు నుంచి రక్షణ ఉన్నట్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించినది. ఈ కొలబద్ద ఉండబట్టే, కర్ణాటకలోని కోలారులో 1980ల తొలినాళ్ళలో దొరికిన వైరసుతో భారత్ బయోటెక్ చేసిన జెన్‌వాక్ టీకాకు 2013లో అనుమతి వచ్చినది. జబ్బు పడినవారిని లెక్కించలేదు. కొన్ని వందలమంది రక్తంలో ప్రతిరక్షకాలను కొలిచి, 2006 నుంచి మన దేశంలో వాడుతున్న చైనా టీకాతో సరిపోల్చినారు. మరొక సంగతి: 2020లో కరోనా టీకా అంత త్వరగా రావడానికి, ఆ సంస్థకు వీరో కణాలతో వైరసును పెంచి చంపడంలో అప్పటికే ఉన్న చేయితిరుగుడు ఒక కారణం. ఏడాదిలో తీసినారని మనం అనుకున్నదాని వెనుక పదేళ్ళకు మించిన పని ఉన్నది.

చాందీపురాకు ఇటువంటి కొలబద్ద ఇంకా ఏర్పడలేదు. దానిని ఏర్పరచవలెనంటే రోగం లేని సంవత్సరాలలో పని జరగవలెను: సోకీ జబ్బు పడనివారి రక్తంలో ఏమున్నది, జబ్బు పడినవారిలో ఏది లోపించినది అని ఏళ్ళతరబడి పరిశీలించవలెను. రోగం వచ్చిన జిల్లాలలో రక్తపరీక్షలు చేసినప్పుడు, వయసు పెరిగినకొద్దీ ప్రతిరక్షకాలు ఉన్నవారు హెచ్చుగా కనిపించినారు. అంటే పెద్దలు చాలామంది ఎన్నడో తెలియకుండానే ఈ వైరసును చూసి గెలిచినవారే. అందుకే అది పసివారినే వెతుక్కుంటున్నది. ఆ పెద్దల రక్తంలో ఉన్నదేదో అదే మనకు కావలసిన కొలత కావచ్చును.

పేదల పిల్లలనా అన్న మాటకు కూడ జవాబు చెప్పవలెను గదా. ఇసుక ఈగ ఉండేది మట్టిగోడల ఇండ్లలో. ఏడాదికి కొద్దివందలమందికి, అదీ పల్లెలలో వచ్చే జబ్బుకు టీకా తీసి లాభం పొందగల వ్యాపారి ఉండడు. అందుకు మేము వ్యాపారిని నిందించము. ఇటువంటి టీకాను ప్రభుత్వం తన సొమ్ముతో తీయించి, కొని, నిలవచేసి పెట్టవలసి ఉన్నది. 2024లో జూన్ మొదలు ఆగస్టు 15 వరకు మన దేశంలో, ముఖ్యంగా గుజరాతులో, మెదడువాపు లక్షణాలతో 245 మంది జబ్బు పడగా 82 మంది మరణించినారు. వారిలో 64 మందికి సోకినది చాందీపురాయే అని పరీక్షలలో ఖాయమైనది. ఇరవై ఏళ్ళలో ఇంత పెద్దది రాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. 2011 నాటి టీకాను అప్పటినుంచి ముందుకు నడిపించి ఉంటే, కనీసం ఆ పల్లెలలోనైనా వేసి చూడడానికి ఒక మందు చేతిలో ఉండేదని మాకు అనిపిస్తున్నది.

టీకా లేనందున, కొండపల్లి శ్రోతకు ఈనాడు మేము చెప్పగలిగినది కొంచెమే. పసిబిడ్డకు హఠాత్తుగా తీవ్రజ్వరం వచ్చి, వాంతులో ఫిట్సో తోడైనప్పుడు తెల్లవారేవరకు చూద్దామనుకోరాదు. తాయెత్తులతోను పసర్లతోను గంటలు పోగొట్టరాదు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకుపోవలెను. వైరసును చంపే మందు లేకపోయినా, ఫిట్స్‌ను ఆపడం, ఊపిరి నిలపడం, మెదడు వాపును తగ్గించడం వలన బ్రతికే బిడ్డలు ఉన్నారు. సన్నని కన్నుల దోమతెర కట్టవలెను. మామూలు తెరలో ఇసుక ఈగ దూరిపోతుంది. పశువుల కొట్టం, పడకగది దూరదూరంగా ఉండడం మంచిది. ఇక గోడల పగుళ్ళు పూడ్చే సంగతి. చింతగింజల మక్కుతో ఏనుగుకు తొండం అతికించి, అతుకు కనబడనీయని చేతులకు దానిని మేము వేరే నేర్పవలసిన పని లేదు.